క్యాండిడ్ ఫోటోగ్రాఫర్‌గా హాయిగా స్థిరపడటం ఎలా?

పెళ్ళి ఫోటోలు తీయడంలో ఒకప్పుడు కష్టం ఉండేది. "కొంచెం తల ఎత్తమ్మా, ఇటు చూడు బాబూ" అని రాత్రంతా అరిచేసరికి తెల్లారి గొంతు పోయేది. ఇప్పుడా బాధ లేదు. "మేం పోజులు పెట్టించం అంకుల్, మాది డాక్యుమెంటరీ స్టైల్" అనడం నేర్చుకోండి. రేటు పెరుగుతుంది, పని తగ్గుతుంది.

1. బేరం రోజున తక్కువ మాట్లాడండి. "అన్నీ వస్తాయి కదా బాబూ?" అని పెళ్ళికూతురి తండ్రి అడిగితే, "అన్నీ కాదంకుల్, నిజమైనవే వస్తాయి" అనండి. ఎన్ని ఫోటోలు, ఎప్పటికిస్తారు అన్నవి కాగితం మీద పెట్టకండి. అడ్వాన్సు మాత్రం అంకెల్లోనూ అక్షరాల్లోనూ రాయించండి. ఇంకా ప్రశ్నలు వేస్తే ఫ్రెంచి ఫోటోగ్రాఫర్ ఆన్రి కార్టియే బ్రెసోన్ పేరు వదలండి. 1952లో ఆయన పుస్తకం 'ది డెసిసివ్ మూమెంట్' అనే పేరుతో ఇంగ్లీషులో వచ్చిందని చెప్పండి. ఆయనకు ఫ్లాష్ గిట్టదని కూడా చెప్పండి, మీకు ఒక బ్యాగు మోత తగ్గుతుంది. సరైన క్షణం కోసం ఆయన ఓపిగ్గా కాచుకునేవాడన్న సంగతి మాత్రం ఎత్తకండి.

2. పెళ్ళితంతు గురించి ఏమీ తెలుసుకోకండి. ఏది ముందో ఏది తర్వాతో తెలిస్తే ముందే వెళ్ళి నిలబడాల్సి వస్తుంది. మేనమామ పెళ్ళికూతుర్ని గంపలో తెస్తుంటే నోరు తెరుచుకుని చూడండి. ఆ అమ్మాయి దిగాక ఖాళీ గంపను తీయండి. అందులో కథ ఉందనండి. కాశీయాత్రలో బతిమాలే బావమరిది ఫ్రేములో పడకపోతే మరీ మంచిది, పెళ్ళికొడుకు నిజంగానే సన్యాసానికి పోయినట్టుంటుంది.

3. ముహూర్తం వేళకి భోజనాల హాల్లో ఉండండి. జీలకర్ర-బెల్లం ఒక్కసారే పెడతారు. ఒక్కసారే జరిగేదాన్ని నమ్ముకుని వృత్తి చేసేవాడు బాగుపడడు. పైగా ముహూర్తం రాత్రి రెండు దాటాక పెడితే రెండో బంతిలో చోటు సులువుగా దొరుకుతుంది. పెరుగు వడ్డించకముందే గట్టిమేళం వినిపిస్తుంది, కంగారుపడి లేవకండి. తాళి కట్టేటప్పుడు మళ్ళీ మోగిస్తారు. అది కూడా పోతే తలంబ్రాలున్నాయి. మీరు చెయ్యి కడుక్కుని వెళ్ళేసరికి మండపం చుట్టూ జనం మూగి ఉంటారు. వాళ్ళ వీపులు తీయండి, పైకెత్తిన ఫోన్లు తీయండి. తర్వాత పెళ్ళికూతురి తల్లి అడిగితే, "జీలకర్ర-బెల్లం అందరూ తీస్తారాంటీ, మేం దాన్ని చూస్తున్నవాళ్ళని తీశాం" అనండి. ఆవిడ కాసేపు ఆలోచించి, నిజమే సుమా అంటుంది. పట్టపగలు అరుంధతిని చూపిస్తే కనబడిందని తలూపే జనం మనవాళ్ళు. ఆల్బమ్‌లో ముహూర్తం కనబడిందని తలూపరా?

స్టేజీ మీద ఇంకొకాయన ఉంటాడు, ట్రెడిషనల్ ఫోటోగ్రాఫర్. "పంతులుగారూ, ఒక్క నిమిషం" అంటూ చెమటలు కక్కుతూ అన్నీ తీస్తుంటాడు. ఎదురుగా ఉన్నంతసేపూ ఆయన్ని చూసి జాలిగా నవ్వండి. సామాను సర్దేటప్పుడు "అన్నా" అని పిలిచి ఆయన కార్డు కాపీ చేసుకోండి. కాస్త పక్కకి వంచి కత్తిరిస్తే అవి కూడా క్యాండిడే.

4. తప్పు తీసినదానికి మంచి పేరు పెట్టండి. చెయ్యి వణికితే భావోద్వేగం. ముఖం మసకగా వచ్చి వెనక బంతిపూల దండ స్పష్టంగా పడితే కలల ప్రపంచం. తలంబ్రాలు తెల్లటి గీతల్లా సాగిపోతే జీవం. స్టేజీ లైట్లకి పెళ్ళికూతురి ముఖం వంగపండు రంగుకి తిరిగిందా, బ్లాక్ అండ్ వైట్ చేసేయండి. కంచి దాకా వెళ్ళి ఏరుకున్న పట్టుచీర రంగు పోయిందని అమ్మాయి ఏడిస్తే, ఆ ఏడుపుని కూడా తీయండి. అప్పగింతల పేజీకి పనికొస్తుంది.

5. గ్రూప్ ఫోటోలు మా సిద్ధాంతానికి విరుద్ధమనండి. చుట్టాలు గొణుగుతారు, గొణగనివ్వండి. ఒకే ఒక్క చిక్కు నాయనమ్మగారితో వస్తుంది. అమలాపురం నుంచి కారులో ఇంతదూరం వచ్చి, కొంగు సర్దుకుని, ఎప్పుడు పిలుస్తారా అని మూల కుర్చీలో కూర్చుని ఉంటుంది. "నన్నూ ఒకటి తియ్యి నాయనా" అంటుంది. "మీకు తెలియకుండానే తీసేశాను బామ్మగారూ" అనండి. నమ్మేస్తుంది. ఎలా పడ్డానో చూపించమని కూడా అడగదు.

6. కెమెరాలో కార్డుకి రెండు చోట్లుంటాయి. రెండోది ఖాళీగా ఉంచండి. ఉన్న ఒక్క కార్డు నిండితే పొద్దుటి స్నాతకం చెరిపి చోటు చేసుకోండి.

7. ఆల్బమ్‌కి తొందరపడకండి. శ్రావణంలో అడిగితే సీజనండి అనండి, కార్తీకంలో అడిగితే మళ్ళీ సీజనే. మధ్యలో మూఢం వస్తే మీ పంట పండినట్టే. "మూఢంలో ఆల్బమ్ ఇంటికి తేకూడదటండీ" అనండి, ఇంట్లో పెద్దవాళ్ళే మీ తరఫున వాదిస్తారు. బారసాల దాకా లాగితే రెండు ఆర్డర్లూ కలిపి మాట్లాడుకోవచ్చు.

8. మరీ విసిగిస్తే పేరు మార్చండి. పాత బోర్డు చివర 'స్టోరీస్' ఉంటే కొత్తదానికి 'ఫిల్మ్స్' తగిలించండి. వాళ్ళ నంబరు మాత్రం బ్లాక్ చెయ్యకండి. బ్యాలెన్సు ఇంకా రావాలి.