సిద్ధాంతాలకు వయోపరిమితి

తెలుగువాడి రాజకీయాభిప్రాయం సాధారణంగా హాస్టల్లో పుడుతుంది. ఉద్యోగంలో చేరగానే గొంతు తగ్గించుకుంటుంది, ప్లాటు కొన్నాక దిక్కు మార్చుకుంటుంది, పింఛను వచ్చేనాటికి ఇంకెవరి మాటా వినని స్థితికి చేరుతుంది. ఈ మార్పును దాని యజమాని పరిణతి అంటాడు. అతని పాత రూమ్మేటు అమ్ముడుపోవడం అంటాడు. పండితులు వయసు ప్రభావం అంటారు. నిజానికి ఇందులో వయసు పాత్ర స్వల్పమే. హాల్ టికెట్టు, నియామక ఉత్తర్వు, సేల్ డీడు, పింఛను పుస్తకం... వీటిలో ఏది మనిషి చేతిలో ఉందో తెలిస్తే చాలు, సబ్సిడీల మీదా పన్నుల మీదా అతని అభిప్రాయం వేరే అడగనక్కర్లేదు.

విద్యార్థి దశలో మనిషికి ఆస్తి ఉండదు. అందుచేత ఆస్తి గురించి అతనికి చాలా స్పష్టమైన అభిప్రాయాలు ఉంటాయి. ఏఐఎస్ఎఫ్ 1936లో, ఏబీవీపీ 1949లో, ఎస్ఎఫ్ఐ 1970లో పుట్టాయి. వీటి మధ్య విభేదాల మీద గ్రంథాలే ఉన్నాయి. కానీ కొత్తగా వచ్చిన కుర్రవాడు ఏ జెండా పట్టాలన్నది చాలాసార్లు గ్రంథాలను బట్టి కాక, గది ఇప్పించిన సీనియర్‌ను బట్టి తేలిపోయింది. 1972 ఏప్రిల్ 14న ఉస్మానియాలో విద్యార్థి నాయకుడు జార్జి రెడ్డిని చంపేశారు. ఆ తరంలోనూ, తరువాతి తరాల్లోనూ నమ్మినదాని కోసం ప్రాణాలు పోగొట్టుకున్నవారు ఉన్నారు. వాళ్లు ఈ వ్యాసానికి అందనివారు. ఇక్కడి పరిశీలనంతా వాళ్ల వెనక ఊరేగింపులో నాలుగో వరుసలో నడిచి, ఆ మరుసటి ఏడాది గ్రూప్ వన్ రాసి, ఇంకో పదేళ్లకు అదే ఊరేగింపుకు అనుమతి నిరాకరిస్తూ సంతకం పెట్టినవారి గురించి.

ఇప్పటి విద్యార్థికి ఊరేగింపుల తీరిక తక్కువ. హైదరాబాదు అశోక్‌నగర్ స్టడీ హాళ్లలో కూర్చున్నవాడికి ఉన్న సిద్ధాంతం ఒక్కటే: ఖాళీలు భర్తీ చేయాలి. ప్రైవేటు రంగమే దేశ ప్రగతికి చోదకశక్తి అని అతను వ్యాసం పేపర్లో నాలుగు పేజీలు రాస్తాడు. రాసేది మాత్రం ప్రభుత్వ ఉద్యోగం కోసం.

కాగితం మారితే అభిప్రాయం ఎలా మారుతుందో చూడటానికి పదవీ విరమణ వయసు చరిత్రను మించిన ప్రయోగశాల లేదు. ఎన్టీ రామారావు 58 ఏళ్ల వయసులో పార్టీ పెట్టారు. 59 ఏళ్లు నిండాక ముఖ్యమంత్రి ఉద్యోగంలో చేరారు. చేరిన కొద్ది వారాల్లోనే, 1983 ఫిబ్రవరిలో, ప్రభుత్వోద్యోగుల పదవీ విరమణ వయసును 58 నుంచి 55కు తగ్గించారు. పెద్దలు తప్పుకుంటే యువతకు ఉద్యోగాలు వస్తాయన్నది వాదన. ఉద్యోగులు సుప్రీంకోర్టు దాకా వెళ్లారు, కోర్టు ప్రభుత్వం వైపే మొగ్గింది. ఆ 55 చివరకు మళ్లీ 58 అయింది. ఆంధ్రప్రదేశ్‌లో 2014లో 60కి, 2022లో 62కి పెరిగింది. తెలంగాణలో 2021లో 61 అయింది.

ఇప్పుడు 1958లో ఆంధ్ర ప్రాంతంలో పుట్టిన ఒక సగటు పౌరుణ్ని ఊహించుకోవాలి. 1983లో అతనికి 25 ఏళ్లు, చేతిలో డిగ్రీ పట్టా తప్ప మరేమీ లేదు. 55కే ముసలివాళ్లను ఇంటికి పంపడం అతని దృష్టిలో విప్లవం. 2014 నాటికి 56 ఏళ్లు, సూపరింటెండెంటు. అనుభవం జాతి సంపద అనీ, 60 దాకా ఉంచకపోతే పాలన కుంటుపడుతుందనీ అప్పటికి అతను గ్రహించాడు. 2018లో ఆ అనుభవాన్ని ఇంటికి తెచ్చుకున్నాడు. 2022 జనవరిలో వయసు 62 అని ప్రకటన వచ్చేసరికి ఇంట్లో కొడుకు మూడోసారి పోటీ పరీక్షలకు చదువుతున్నాడు. నిరుద్యోగుల నోట్లో మట్టి కొట్టారని ఆ సాయంత్రం పార్కులో అతని గొంతే పెద్దగా వినిపించింది. మూడుసార్లూ అతను మనస్ఫూర్తిగానే మాట్లాడాడు. మూడుసార్లూ ప్రజల పక్షానే ఉన్నాడు. ప్రజలే ఒక్కోసారి ఒక్కో వయసులో ఉన్నారు.

అదే 2022లో ఆంధ్రప్రదేశ్ ఉద్యోగుల పీఆర్సీ ఫిట్‌మెంట్ 23 శాతంగా తేలింది. అప్పటికే ఇస్తున్న మధ్యంతర భృతి 27 శాతం. జీతం సవరిస్తే తగ్గడం ఏ ఆర్థికశాస్త్రంలోనూ లేదంటూ ఉద్యోగులు, ఉపాధ్యాయులు ఫిబ్రవరి 3న చలో విజయవాడ అన్నారు. లోకం మీద వాళ్ల అభిప్రాయాలు వేరువేరు. డీఏ బకాయిల మీద మాత్రం అందరిదీ ఒకే అభిప్రాయం. ఆ ఊరేగింపులో 59 దాటినవారు మిగతావారికన్నా ఒకడుగు వెనక నడిచారేమో పరిశోధకులు తేల్చాలి.

ప్రైవేటు ఉద్యోగిది ఇంకో దారి. వైఎస్ రాజశేఖరరెడ్డి హయాంలో వచ్చిన ఫీజు రీయింబర్స్‌మెంటుతో బీటెక్ చదివినవారిలో కొందరు ఇప్పుడు మాదాపూర్, గచ్చిబౌలి టవర్లలో ఉన్నారు. నెలనెలా ఫారం 16కు పునాది పడుతుండగా వీరికి ఉచిత పథకాల మీద తీవ్రమైన ఆవేదన కలుగుతుంది. ఏరు దాటాక తెప్ప తగలేయడం పాత పద్ధతి. వీరు తెప్పను తగలేయరు, ఇంకొకరు ఎక్కకుండా గట్టు మీద నిలబడి లెక్చరిస్తారు. మహిళలకు ఉచిత బస్సు తెలంగాణలో 2023 డిసెంబరులో, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టులో మొదలైంది. దేశం దివాలా తీస్తుందని వాట్సాప్‌లో రాసిన చేయే, ఇంట్లో పనిమనిషి బస్సు చార్జీ అడగడం మానేసిందని గమనించి ఆ నెల జీతంలో సర్దుబాటు చేసింది. 2025 కేంద్ర బడ్జెట్ కొత్త విధానంలో 12 లక్షల ఆదాయం దాకా పన్ను లేదంది. దాన్ని ఉచితం అన్నవారు ఆ టవర్లలో కనబడలేదు.

భూమి దగ్గరకు వచ్చేసరికి విషయం గంభీరమవుతుంది. తెలుగునాట మతాంతరీకరణలన్నిటికన్నా పెద్దది రెండు వందల గజాల ప్లాటు చేస్తుంది. పి.వి. నరసింహారావు ముఖ్యమంత్రిగా తలకెత్తుకున్న 1973 నాటి భూగరిష్ఠ పరిమితి చట్టం, నేల రకాన్ని బట్టి కుటుంబానికి మాగాణి 10 నుంచి 27 ఎకరాలు, మెట్ట 35 నుంచి 54 ఎకరాలు మించరాదంది. అప్పటిదాకా ఉమ్మడి కుటుంబ ఔన్నత్యం గురించి ఉపన్యసించిన పెద్దలు కాగితాల మీద వేరుపడటానికి క్యూ కట్టారు. కుటుంబ వ్యవస్థకు అంత దెబ్బ ఏ పాశ్చాత్య నాగరికతా కొట్టలేదు.

ఈ తరానికి అంత భూమి లేదు కాబట్టి అంత శ్రమా లేదు. అవినీతికి వ్యతిరేకంగా కొవ్వొత్తులు పట్టినవాడే, రిజిస్ట్రేషన్ రోజున మార్కెట్ విలువ ఒకటి, దస్తావేజులో విలువ ఒకటి ఎందుకు ఉండాలో ప్రశాంతంగా వివరిస్తాడు. ప్రజల సొమ్ముతో ఊరవతల రింగు రోడ్డు వేయాలంటాడు. దాని వల్ల పెరిగిన ధర మాత్రం తన ముందుచూపు అంటాడు. స్త్రీ సమానత్వానికి కూడా ఇక్కడే పరీక్ష. ఉమ్మడి ఆస్తిలో కూతురికి సమాన హక్కు కల్పిస్తూ ఆంధ్రప్రదేశ్ తెచ్చిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచే అమల్లో ఉంది, దేశమంతటికీ ఆ హక్కు రావడానికి ఇంకో ఇరవై ఏళ్లు పట్టింది. ఆ చట్టాన్ని సభల్లో పొగిడిన అన్నయ్యలు చాలామంది. చెల్లెలు వాటా అడిగిన రోజున వాళ్లకు గుర్తొచ్చేది పెళ్లినాటి ఖర్చుల చిట్టా.

ఆ చెల్లెలి రాజకీయాల మీద పండితులు రాసింది తక్కువ. పెళ్లితో ఆమె ఓటు ఒక ఊరి జాబితాలో తొలగి, ఇంకో ఊరి జాబితాలో చేరుతుంది. ఓటుతో పాటు పార్టీ కూడా మారుతుందని అత్తవారు అనుకుంటారు, మారలేదని పుట్టింటివారు అనుకుంటారు. డ్వాక్రా సంఘంలో చేరి బ్యాంకు మేనేజరుతో సొంతంగా మాట్లాడటం అలవాటయ్యాక ఆమె ఇద్దరికీ చెప్పదు. వయసుతో పాటు స్వతంత్రత పెరగడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ మగవాళ్లలో దొరకడం లేదు.

నాయకుల విషయం వేరు. వాళ్ల మార్పులకు తేదీలుంటాయి. ఎన్.జి. రంగా 1936లో అఖిల భారత కిసాన్ సభ కార్యదర్శి, 1959లో సహకార వ్యవసాయాన్ని వ్యతిరేకిస్తూ స్వతంత్ర పార్టీ అధ్యక్షుడు, చివరికి మళ్లీ కాంగ్రెస్ ఎంపీ. పార్టీల లెక్కన ఇది సంచారజీవనం. కానీ పొలం రైతుదే, దాని మీద ఇంకెవరి పెత్తనమూ వద్దన్న మాట దగ్గర ఆయన కదలలేదు, చుట్టూ పార్టీలే కదిలాయి. ఆ స్వతంత్ర పార్టీని రాజాజీ స్థాపించింది 80 ఏళ్ల వయసులో, పర్మిట్ లైసెన్సు రాజ్యం మీద యుద్ధానికి. ఆ రాజ్యాన్ని 32 ఏళ్ల తరువాత కూల్చింది మాత్రం దాన్ని కట్టిన కాంగ్రెస్సే. భూసంస్కరణల పి.వి. ప్రధాని పదవి చేపట్టేనాటికి 70 నిండటానికి వారం తక్కువ. 1991 జులై 24న కొన్ని పరిశ్రమలకు తప్ప లైసెన్సులు రద్దయ్యాయి. దీన్ని వృద్ధాప్యంలో కలిగిన జ్ఞానోదయం అనడం అన్యాయం. విదేశీ మారకం రెండు మూడు వారాల దిగుమతులకు మించి లేదు, బంగారం తాకట్టులో ఉంది. ఆ పరిస్థితుల్లో పాతికేళ్లవాడికీ అదే జ్ఞానం కలిగేది.

ఇరవైలో సోషలిస్టు కానివాడికి గుండె లేదనీ, నలభైలోనూ వదలనివాడికి బుర్ర లేదనీ ఒక మాట మన సభల్లో చర్చిల్ పేరు మీద చలామణీ అవుతుంది. చర్చిల్ 25 ఏళ్లకు కన్సర్వేటివ్ ఎంపీ, 29 ఏళ్లకు లిబరల్, 50కి మళ్లీ కన్సర్వేటివ్. గుండె, బుర్ర ఏ ఏడాది ఎక్కడున్నాయో తేల్చడం కష్టం. ఆ సూత్రం మన దగ్గరా సరిగ్గా పనిచేయదు. జమీందారీ ఛాయలున్న కుటుంబంలో పుట్టి, కులాన్ని సూచించే తోకను, ఆస్తిని వదులుకున్న పుచ్చలపల్లి సుందరయ్య 1985లో పోయేదాకా కమ్యూనిస్టే. పార్టీ దారి తప్పుతోందని ప్రధాన కార్యదర్శి పదవి వదిలేనాటికి 60 దాటాయి. శ్రీశ్రీ అయితే షష్టిపూర్తి ఏడాదే, 1970లో, విరసం తొలి అధ్యక్షుడై ఇంకొంచెం ఎడమకు జరిగారు. అమెరికాలో థియొడోర్ న్యూకోంబ్ 1930లలో బెన్నింగ్టన్ కాలేజీ అమ్మాయిల రాజకీయాలను పరిశీలించాడు. సంపన్న రిపబ్లికన్ ఇళ్ల నుంచి వచ్చి కాలేజీలో ఉదారవాదులైనవారు, దశాబ్దాల తరువాత వెతికి అడిగినా చాలావరకు అక్కడే ఉన్నారు. ఆ ఫలితాన్ని మన విశ్వవిద్యాలయాల పూర్వ విద్యార్థుల సంఘాలకు చూపడం మర్యాద కాదు.

పింఛను దశలో రెండు సిద్ధాంతాలు ఒకే ఒంట్లో కాపురం చేస్తాయి. ఎల్ఐసీలో వాటాల అమ్మకాన్ని ఖండిస్తూ తీర్మానం చేసినవారిలో కొందరు, 2022 మే నెలలో పాలసీదారులకు షేరు మీద 60 రూపాయల తగ్గింపు అనగానే దరఖాస్తు పెట్టారు. లిస్టింగ్ రోజున ధర ఇష్యూ ధరకన్నా కింద పడేసరికి వారి వ్యతిరేకత మళ్లీ సిద్ధాంతపరమైంది. 2004 సెప్టెంబరు నుంచి రాష్ట్ర ప్రభుత్వోద్యోగంలో చేరినవారి పింఛను చందాలో కొంత షేర్లకే పోతుంది కాబట్టి, మార్కెట్ల పతనాన్ని చూసి పెట్టుబడిదారీ విధానం కూలిపోతోందని సంతోషించే సౌకర్యం వారికి లేదు. పాత పింఛను కావాలని అడుగుతూనే సాయంత్రం సెన్సెక్స్ చూస్తారు.

సబ్సిడీలు మనిషిని సోమరిని చేస్తాయన్న వాదం 60 దాకా నిలుస్తుంది. రైళ్లలో 60 దాటిన పురుషులకు 40 శాతం, 58 దాటిన స్త్రీలకు 50 శాతం ఉన్న రాయితీని 2020 మార్చిలో ఆపేసి మళ్లీ ఇవ్వలేదు. ఆ రోజు నుంచి సంక్షేమ రాజ్యం అంతరించిందన్న బాధ ఏసీ త్రీటైర్ బోగీల్లో కూడా వినిపిస్తోంది. 70 దాటితే ఆదాయంతో నిమిత్తం లేకుండా 5 లక్షల దాకా ఆయుష్మాన్ వైద్యం 2024లో వచ్చింది. కేంద్ర ప్రభుత్వ పింఛనుదారుకు 80 నిండితే పింఛను 20 శాతం పెరుగుతుంది, నూరు నిండితే రెట్టింపవుతుంది. అప్పుడు మాత్రం ఉచితాల గురించి వ్యాసాలు ఫార్వర్డ్ చేయడం తగ్గుతుంది. కంటిచూపు కూడా కారణం కావచ్చు.

ఓటు హక్కు 1989 నుంచి 18 ఏళ్లకే వస్తోంది. లోక్‌సభకు పోటీ చేయాలంటే 25, రాజ్యసభకు 30 నిండాలి. పై హద్దు దేనికీ లేదు. పార్టీ మారిన శాసనసభ్యుడికి 1985 నుంచి పదో షెడ్యూలు ఉంది. ఓటరుకు అదీ లేదు, అరవై ఏళ్లలో ఆరు పార్టీలు మారినా అనర్హత వేటు పడదు. 85 దాటినవారు కోరుకుంటే ఫారం 12డి తీసుకుని, ఎన్నికల సిబ్బందే ఇంటికొచ్చి ఓటు వేయించుకుంటారు. ఆ తతంగాన్ని వీడియో తీస్తారు గానీ, ఎవరికి వేశారో తీయరు. అందుకే వాకిట్లో నిలబడ్డ ఏజెంట్లు, ఏ పార్టీ వారైనా సరే, పెద్దాయన మొదటి నుంచీ మనవాడే అని రాసుకుని వెళతారు.