దత్తతకు తగిన నేరం

అమెరికా పౌరుడైన బిడ్డను దత్తత తీసుకోవడం భారతీయుల ప్రాథమిక హక్కు కాదని బొంబాయి హైకోర్టు 2025 జూలైలో తేల్చిచెప్పిన తరువాత, దేశంలోని పినతల్లులకూ మేనమామలకూ ఒక శిక్షణ గ్రంథం అత్యవసరమైంది. తల్లిదండ్రుల ఆలనకు దూరమైన పిల్లలకూ, నేరారోపణకు గురైన పిల్లలకూ వర్తించే 2015 నాటి బాలల న్యాయ చట్టంలో విదేశీ పౌరసత్వం గల బిడ్డను బంధువులకైనా దత్తత ఇచ్చే వీలు లేదనీ, ఉండాలంటే ఆ బిడ్డ ‘సంరక్షణ, రక్షణ అవసరమైన’ వాడో ‘చట్టంతో సంఘర్షణ పడిన’ వాడో కావాలనీ ధర్మాసనం వివరించింది. పసికందుగా ఈ దేశానికి వచ్చి, బంధువుల ఒడిలోనే పెరిగిన, ఆ కేసులోని బాలుడు ఈ రెండింటిలో దేనికీ నోచుకోలేదు. వేళకు తిని, వేళకు నిద్రపోవడం వల్ల అతని అర్హత పూర్తిగా దెబ్బతిన్నది.

అర్హత సంపాదించే మార్గాలను చట్టమే తన నిర్వచనాల్లో ఉదారంగా సూచించింది. సంరక్షణ అవసరమైన బాలుడు కాదలచినవాడు ఇల్లూ వాకిలీ లేకుండా వీధిలో కనబడవచ్చు, బిచ్చమెత్తవచ్చు, పనిలో చేరవచ్చు, పారిపోవచ్చు, పెంచేవారి చేతుల్లో హింస పడవచ్చు, బాల్యవివాహపు అంచుదాకా వెళ్లవచ్చు, లేదా ప్రకృతి విపత్తులో చిక్కుకోవచ్చు. వీటిలో వరదలూ భూకంపాలూ కోరినప్పుడు రావు, పెళ్లికి ముహూర్తం కుదరాలి, కాబట్టి సామాన్య కుటుంబానికి అందుబాటులో ఉన్న దారి బిడ్డను ఏ రైల్వే స్టేషన్‌లోనో వదిలేసి రావడమే. అప్పుడు బాలల సంక్షేమ సమితి, అంటే ఇలాంటి పిల్లల విషయంలో నిర్ణయాధికారం గల జిల్లాస్థాయి సంస్థ, విచారణ జరిపి, కన్నవారి కోసం వెతికించి, ఎవరూ రాకపోతే బిడ్డను దత్తతకు చట్టరీత్యా స్వేచ్ఛగలవాడిగా ప్రకటిస్తుంది. రెండేళ్లు దాటిన బిడ్డకు ఇందుకు 4 నెలల గడువుంది.

ఈ మార్గంలో ఒక చిన్న ఇబ్బంది మాత్రం లేకపోలేదు. తమ సంరక్షణలోని బిడ్డను వదిలేసినవారికి అదే చట్టంలోని 75వ సెక్షన్ మూడేళ్ల వరకు జైలుశిక్ష విధిస్తుంది, బాలల హక్కుల ఉల్లంఘన కేసులో నిందితులైనవారు దత్తతకు పనికిరారని 2022 నాటి దత్తత నిబంధనలు అంటాయి, ఈలోగా స్వేచ్ఛ పొందిన ఆ బాలుడు కేంద్ర దత్తత వనరుల సంస్థ, అందరి నోటా ‘కారా’, నిర్వహించే జాబితాలో ముందున్న మరెవరి ఇంటికో చేరతాడు. బిడ్డకు అర్హత వచ్చిన క్షణానే పెంచినవారికి అది పోయే ఈ ఏర్పాటులోని సమతూకాన్ని మెచ్చుకోక తప్పదు.

మిగిలింది నేరమార్గం. ఇక్కడా తొందరపాటు పనికిరాదు, ఎందుకంటే భారతీయ న్యాయ సంహిత 20వ సెక్షన్ ప్రకారం ఏడేళ్లలోపు పిల్లలు ఏం చేసినా నేరం కాదు. ఏడు నిండని బాలుడు పక్కింటి సైకిలు ఎత్తుకొచ్చినా అది అల్లరి కిందికే వస్తుంది. ఏడు నిండి పన్నెండు నిండనివారికి మరో పరీక్ష ఉంది: చేస్తున్న పనేమిటో, దాని ఫలితమేమిటో తెలిసేంత పరిపక్వత లేనివాడు చేసింది కూడా నేరం కాదు. అంటే బాలుడు దొంగతనం చేస్తే చాలదు, తెలివిగా చేయాలి. ఆరో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్ నడిపే విజయవాడ, హైదరాబాద్ విద్యావ్యాపారులు ఒకటో తరగతి నుంచి ‘దత్తత ఫౌండేషన్’ బ్యాచ్ ప్రారంభిస్తే, డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో పుట్టి అమెరికా పాస్‌పోర్టుతో గుంటూరు, కరీంనగర్ ఇళ్లలో పెరుగుతున్న పిల్లలతో సీట్లు నిండిపోతాయి.

నేరం ఇష్టంలేని కుటుంబాలకు సక్రమమైన దారి కూడా ఉంది. అమెరికా వెళ్లి, అక్కడి చట్టం ప్రకారం దత్తత పూర్తిచేసి, విదేశీ పాస్‌పోర్టు గల దత్తపుత్రుడిగా అతణ్ణి భారతదేశానికి తెచ్చుకోవచ్చు. పక్కగదిలో హోంవర్క్ చేసుకుంటున్న పిల్లవాణ్ణి ఇంటికి తెచ్చుకోవడానికి విమానం ఎక్కాలన్నమాట.

ఈ కట్టుదిట్టాలు ఊరికే పుట్టలేదు. విదేశీ దత్తతల పేరిట పిల్లల వ్యాపారం సాగుతోందన్న ఫిర్యాదుపై సుప్రీంకోర్టు 1984లో లక్ష్మీకాంత్ పాండే కేసులో మార్గదర్శకాలు ఇచ్చింది. దేశాంతర దత్తతలో బిడ్డ అమ్ముడుపోకుండా చూసే 1993 నాటి హేగ్ ఒప్పందాన్ని భారతదేశం 2003లో ఆమోదించింది. ఈ రెంటికీ మధ్య, 2001 ప్రాంతంలో, ఆంధ్రప్రదేశ్ తండాల్లో లంబాడా తల్లుల చేతుల్లోంచి ఆడశిశువులు ఎంత చవగ్గా బేరమైపోయారో తెలుగు పాఠకులకు ఎవరూ గుర్తుచేయనక్కరలేదు. ఆ పసికందుల కోసం ఎత్తైన గోడ కట్టవలసిందే. ఆ గోడకు తలుపు పెట్టేటప్పుడు మాత్రం బయటికి వెళ్లే బిడ్డల గురించే ఆలోచించారు. విదేశంలో ఉన్న బంధువు ఇక్కడి బిడ్డను దత్తత తీసుకోవడానికి 60వ సెక్షన్ ఉంది. ఇక్కడి బంధువు దగ్గర పెరుగుతున్న అక్కడి బిడ్డకు ఏ సెక్షనూ లేదు.

చట్టంలో లేనిదాన్ని రాయబోమన్న న్యాయమూర్తులను నిందించి ప్రయోజనం లేదు. రాయవలసినవారికి తీరిక లేదా అంటే, కావలసినంత దొరికింది. 2021లో చట్టాన్ని సవరించి దత్తత ఉత్తర్వుల అధికారాన్ని కోర్టుల నుంచి కలెక్టర్లకు మార్చారు, 2022లో నిబంధనలను మొత్తం తిరగరాశారు, 2024లో పెంపక సంరక్షణ, అంటే ప్రభుత్వ అనుమతితో బిడ్డను వేరే కుటుంబంలో ఉంచి పెంచే పద్ధతి, కింద రెండేళ్లు పెంచినవారు దత్తత కోరవచ్చని ఐదేళ్ల పాత గడువును తగ్గించారు. ముక్కూమొహం తెలియని కుటుంబానికి రెండేళ్ల పెంపకం చాలు. సొంత బంధువులకు పసితనం నుంచీ పెంచినా చాలదు. గాయపడితేనో, గాయపరిస్తేనో తప్ప బిడ్డ కంటికి ఆనని చట్టం రాసి, దాన్ని బిడ్డ శ్రేయస్సు పేరుతో చలామణి చేయడం సిగ్గుమాలిన పని. చట్టంలో ఒక ఉపసెక్షనో నిబంధనల్లో ఒక పేరానో చేర్చే ఓపిక మహిళా, శిశు అభివృద్ధి మంత్రిత్వశాఖకు లేకపోతే, ఆ బాలుడికి పద్దెనిమిదేళ్లు నిండిన రోజున అతను చట్టం దృష్టిలో బాలుడే కాకుండా పోతాడు, ఫైలు దానంతటదే మూతపడుతుంది, పరిష్కరించిన దరఖాస్తుల లెక్కలో దాన్ని కూడా ఎవరో ఒక అధికారి వేసుకుంటాడు.