అభిప్రాయ పంచసూత్రి: ‘విశ్రాంతిదీపిక’ అను టీకాతాత్పర్య సహితము

అవతారిక

శ్రీకృష్ణదేవరాయలు 1513లో ఉదయగిరి కోటను చుట్టుముట్టి, ఏడాదికి పైగా కాచుకుని, 1514లో గజపతుల చేతిలోంచి లాక్కున్నాడు. ఆయన రాసిన ఆముక్తమాల్యదను టీక పక్కన లేకుండా చదివి గట్టెక్కినవాళ్లు తక్కువ. రాజు మాటకే వ్యాఖ్య కావలసి వచ్చినప్పుడు, ఆయన గెలిచిన కొండ కింద టీ గ్లాసు పట్టుకుని, రాత్రి చూసిన సినిమాకు ఒక్క ముక్కలో తీర్పు చెప్పే మనిషి మాటకు వద్దా? రాయల పద్యం పేజీ మీద కదలకుండా ఉంటుంది, నిదానంగా విప్పుకోవచ్చు. ఈ మనిషి చెప్పేసి ఆత్మకూరు బస్సెక్కేస్తాడు.

కాళిదాసుకు టీక రాసిన కోలాచలం మల్లినాథసూరి మూలంలో లేనిదేదీ రాయనని ప్రతిజ్ఞ చేశాడు. ఈ టీకాకారుడు ఆ ప్రతిజ్ఞ చేయలేడు. ఇక్కడ మూలమంటే రెండు మాటలు. మిగతాదంతా కనుబొమలు, పెదవి విరుపు, టీ అంగడి బల్ల మీద వేళ్ల తాళం.

శాస్త్రారంభంలో చెప్పవలసినవి నాలుగు. విషయం: ఈ మధ్య చూసిన సినిమాలు, బొమ్మల సినిమాలు. ప్రయోజనం: ఎదుటివాడి టికెట్టు డబ్బులు మిగలడమో, పోవడమో. అధికారి: టికెట్టు కొన్నవాడని పూర్వులు, ట్రైలర్ చూసినవాడు చాలని నవీనులు. సంబంధం: చెప్పినవాడు అడిగినవాడికి ఏమవుతాడన్నది. ఈ నాలుగోదాన్ని పట్టుకుంటే తప్ప మొదటి మూడూ తెలియవని మా సిద్ధాంతం. సూత్రకారుడు తూకం వేసేది అడిగినవాణ్ణి.

ప్రథమ సూత్రం

“ఒకతూరి చూడొచ్చు అబ్బయా.”

ప్రతిపదార్థము: అబ్బయా = ఓ చిన్నవాడా; ఒకతూరి = ఒక్క మారు; చూడన్ = చూచుటకు; ఒచ్చు = అడ్డు లేదు. ‘చిత్రమును’ అను కర్మపదము అధ్యాహార్యము.

టీక: ఇది పొగడ్తా, తెగడ్తా అని పండితులు తగువులాడారు. ‘ఒకతూరి’ అన్నాడు గనుక రెండోతూరి నిషేధమని కొందరు. ‘చూడొచ్చు’ అన్నాడు గనుక అనుమతేనని కొందరు. ఇద్దరూ సంబోధనను గాలికి వదిలేశారు. ‘ఒకతూరి చూడొచ్చు బావా’ అని ఉదయగిరి పాఠం. ‘ఒకతూరి చూడొచ్చులే మామా’ అని ఆత్మకూరు పాఠం. అబ్బయా అన్నచోట అర్థం: నీకింకా సంపాదన లేదు, మీ నాయన డబ్బులు, ఒక్కసారితో సరిపెట్టుకో. బావా అన్నచోట: నేను పోయి ఇరుక్కున్నా, నువ్వొక్కడివే ఎందుకు తప్పించుకోవాల? మామా అన్నచోట: నువ్వు పిల్లనిచ్చిన మనిషివి, రేపు నచ్చకపోతే పండక్కొచ్చి ఆ మాటెత్తుతావు, అందుకే బాగుందనీ అనలా, బాగలేదనీ అనలా.

శంక: ఒకే మనిషి ఒకే సినిమాకు ముగ్గురితో మూడర్థాలు చెబితే మాటకు నిలకడేది? సమాధానం: వేదం వేంకటరాయశాస్త్రి ప్రతాపరుద్రీయం (1897) నాటకంలో ఏ పాత్రకు ఆ పాత్ర తెలుగే పలికించాడు. అక్కడ పలికేవాడిని బట్టి మాట మారింది, ఇక్కడ వినేవాడిని బట్టి మారుతోంది. ఆముక్తమాల్యదకు టీక రాసింది కూడా ఆయనే గనుక మా పక్షం బలంగానే ఉంది.

విశేషం: ఈ శాస్త్రంలో అన్నిటికన్నా పైమెట్టు ‘ఇంట్లోవాళ్లని తీసకపో’ అనేది. 2025 జనవరి 14న వచ్చిన ‘సంక్రాంతికి వస్తున్నాం’ ఆ మెట్టు సినిమా. ఆ మాట అన్నవాడు తన పరువును ఎదుటివాడి ఇంటావిడ చేతిలో పెట్టినట్టు.

ద్వితీయ సూత్రం

“ఫస్టాఫ్ ఓకే. సెకండాఫే లాగినాడు.”

ప్రతిపదార్థము: లాగినాడు = సాగదీసెను. ఎవడు? దర్శకుడు.

టీక: 2015, 2017లలో వచ్చిన రెండు బాహుబలులను కలిపి కుట్టి, 2025 అక్టోబరు 31న ‘బాహుబలి: ది ఎపిక్’ పేరుతో విడుదల చేశారు. నిడివి 3 గంటల 45 నిమిషాలు. సూత్రకారుడు రెండు భాగాలూ ముందే చూసినవాడు. కట్టప్ప ఎందుకు పొడిచాడో ఆయనకు తెలుసు. తెలిసిన కథలో రెండో సగం మాత్రమే సాగినట్టు ఎలా అనిపించింది?

ఇక్కడ దేశకాలాలు చూడాలి. ఉదయగిరిలోనూ, ఆత్మకూరులోనూ ఆర్టీసీ డిపోలున్నాయి. డిపో ఉండటం వేరు, సెకండ్ షో వదిలాక పల్లెకు బస్సుండటం వేరు. ఇంటర్వెల్ దాకా మనిషి తెరను చూస్తాడు, ఆ తర్వాత గడియారాన్ని చూస్తాడు. కాబట్టి లాగినవాడు దర్శకుడని పైకి కనిపించినా, లాగింది ఇంటిదారి. అడిగినవాడిది టౌన్లోనే కాపురమైతే ఈ సూత్రం ‘సెకండాఫ్ కేక’ అని మారిపోవడం ఇందుకు నిదర్శనం.

రాయల ముట్టడిని చూసినవాడెవడైనా టీ అంగడి దగ్గరికి వచ్చి ఉంటే దాని మీదా ఇదే మాట పడి ఉండేది.

తాత్పర్యం: మ్యాటినీకి పో.

తృతీయ సూత్రం

“సినిమా కేకే గానీ, ఆ అడివి మన అడివి కాదు.”

ప్రతిపదార్థము: కేకే = కేక యని నీవనుచున్నావు గనుక కేకయే; గానీ = ఇక్కడి నుండి నా మాట.

టీక: ప్రస్తుతం పుష్ప కథ. మొదటి భాగం 2021 డిసెంబరు 17న వచ్చింది. రెండో భాగానికి 2024 డిసెంబరు 4 రాత్రి బెనిఫిట్ షో టికెట్టును 800 రూపాయలకు అమ్ముకోవడానికి ఆంధ్ర ప్రభుత్వం అనుమతిచ్చింది. 800 పెట్టి చూసినవాడు అడుగుతున్నప్పుడు ‘కేక’ అనడం మర్యాద. అతని డబ్బు అప్పటికే పోయింది, దాన్ని మళ్లీ పారేయించడం పాపం.

ఇక సూత్రంలో రెండో సగం. పుష్ప మొదటి భాగంలో అడివిని తీసింది చాలామటుకు తూర్పున మారేడుమిల్లిలో. అక్కడ పచ్చదనం, తేమ, పొగమంచు. ఎర్రచందనం పుట్టిల్లు అది కాదు. శేషాచలం, పాలకొండలు, వెలిగొండల రాతినేలల్లో, ఎండకు ఆకు రాల్చే అడివిలో పెరిగే చెట్టది. ఉదయగిరి మనిషికి ఇది చదివి తెలుసుకోవలసిన సంగతి కాదు. ఈ ఊరు చెక్క గరిటెలకు, స్పూన్లకు, ఫోర్కులకు భౌగోళిక గుర్తింపు తెచ్చుకున్న ఊరు. నర్ది, బిక్కి, కలివి కర్రను చేత్తో తడిమి పేరు చెప్పగల పనివాళ్లున్నచోట తెర మీద దుంగ దొర్లితే చూపు హీరో మీద నిలవదు, బెరడు మీదికి పోతుంది.

శంక: ఇది సినిమా మీద అభిప్రాయమా, చెట్ల మీదా? సమాధానం: ఎవడికి తెలిసిన విద్య మీద వాడికే అభిప్రాయం. వైద్యుడు హీరోకు తగిలిన బుల్లెట్టును చూస్తాడు, లాయరు కోర్టు సీను చూస్తాడు. తనకేమీ తెలియని విషయం మీద సినిమా వస్తేనే మనిషి హాయిగా చూడగలడు. సినిమా ప్రేమించదలచినవాడు ఎక్కువ విద్యలు నేర్వరాదని ఇందలి ధ్వని.

చతుర్థ సూత్రం

“పిల్లకాయలకి పెట్టినాం. మేం ఊరికే కూర్చున్నాం.”

టీక: 2024 జూన్ 27న ‘కల్కి 2898 ఏడీ’ రాకముందు, మే 31న ప్రైమ్ వీడియోలో ‘బుజ్జి అండ్ భైరవ’ అని రెండు భాగాల బొమ్మల కథ పెట్టారు. బుజ్జి అంటే కారు. దాని గొంతు కీర్తి సురేశ్‌ది. అడిగినవాడు ఆఫీసులో పక్క కుర్చీవాడు. నడివయసు మనిషి కారు బొమ్మ చూసి ఆనందించాడని అతనికి తెలిస్తే సాయంత్రానికి ఆఫీసంతా తెలుస్తుంది. అందుకే ఈ జాగ్రత్త.

అలంకారం: అపహ్నుతి. ఉన్నదాన్ని దాచి లేనిదాన్ని నిలబెట్టడం దాని లక్షణం. ఊరికే కూర్చున్నది తండ్రి అన్నారు. రెండో భాగానికి పిల్లవాడు నిద్రపోయి ఉన్నాడు. రిమోటు నొక్కిందెవరు?

పంచమ సూత్రం

“బొమ్మల సినిమానే అవ్వా. నీకు నచ్చదులే. పద, తీసకపోతా.”

టీక: అశ్విన్ కుమార్ దర్శకత్వంలో 2025 జులై 25న విడుదలైన ‘మహావతార్ నరసింహ’ ఇక్కడ విషయం. నటులు లేరు, కటౌట్లు లేవు. అయినా హాళ్లు నిండాయి.

అవ్వ పూర్వపక్షం గట్టిది. “రంగారావు లేనిదే హిరణ్యకశిపుడేందిరా?” అంటుంది. ఎస్.వి. రంగారావు 1958 నాటి ‘చెంచులక్ష్మి’లోనూ, 1967 నాటి ‘భక్త ప్రహ్లాద’లోనూ హిరణ్యకశిపుడే. ఆ రెండో దాంట్లో ప్రహ్లాదుడు రోజారమణి. అసలు తెలుగు సినిమా మాట్లాడటం మొదలుపెట్టిందే 1932లో, హెచ్.ఎం. రెడ్డి తీసిన ‘భక్త ప్రహ్లాద’తో. తొంభై ఏళ్లకు పైగా ఒకే స్తంభం పగులుతుంటే చూసిన జాతికి కొత్త స్తంభాన్ని మెచ్చుకోవడం అంత తేలిక కాదు.

రెండో అభ్యంతరం ఇంకా గట్టిది. “మన పెంచలకోన చూపించినాడా?” రాక్షసుణ్ణి చీల్చినాక ఉగ్రం తగ్గని స్వామి వెలిగొండల్లోకి వచ్చి, చెంచులక్ష్మిని పెళ్లాడి, రాపూరు దగ్గర కోనలో పెనవేసుకున్న శిలగా వెలిశాడని ఇక్కడివాళ్ల నమ్మకం. ఆ లెక్కన స్తంభం పగలడం ఇంటర్వెల్ మాత్రమే. పెళ్లి కాకుండా సినిమా ఎట్ట అయిపోద్ది?

సూత్రంలో ‘నచ్చదులే’ అని నిషేధం, ‘పద’ అని విధి పక్కపక్కనే ఉన్నాయి. రెండు వాక్యాలు ఢీకొన్నప్పుడు తర్వాతిదే బలమని న్యాయం. సినిమా ఎట్టుందో మనవడు చెప్పలేదు. ఫొటోగ్రఫీ, గ్రాఫిక్సు, నేపథ్య సంగీతం అన్నీ ఆ ‘పద’లో అణగిపోయాయి. తాను ముందే చూసిన సినిమాకు రెండో టికెట్టు కొంటున్నాడు, మూడో టికెట్టు అవ్వకు. ‘ఒకతూరి’ అన్న ప్రథమ సూత్రానికి ఇదే అపవాదం.

తాత్పర్యం: సినిమా బాగుంది. అవ్వ ఒప్పుకోదు. ఆ ఒప్పుకోకపోవడాన్ని పక్క సీట్లో కూర్చుని వినాలి.

ఫలశ్రుతి

ఈ టీక చదివినవాడు ‘సినిమా ఎట్టుంది?’ అని అడిగేముందు తానెవరో, జేబులో ఎంతుందో, ఊరికి ఆఖరి బస్సెప్పుడో చూసుకుంటాడు. అప్పుడు అడగవలసిన పనే ఉండదు. అయినా అడుగుతాడు, టీ చల్లారేలోగా ఏదో ఒకటి మాట్లాడుకోవాలి గదా.

గద్య: ఇది సోమశిల జలపాన పరిపుష్ట కంఠుండును, ఆత్మకూరు బస్టాండు పరిసర చాయాపాన పరాయణుండును, నేలటికెట్టు మొదలు బాల్కనీ పర్యంత సర్వశ్రేణీ సంచారుండును, పరాభిప్రాయ శ్రవణానంతరంబునఁ దన యిచ్చవచ్చిన చిత్రంబునకే పోవువాఁడును నగు అనామక వ్యాఖ్యాత రచియించిన విశ్రాంతిదీపిక యందు సర్వంబు నేకాశ్వాసము.