లొల్లికి చీటీ ఏది?

మన హైదరాబాద్‌లో తాగి బండి నడిపితే రుజువుకు కరువు లేదు. మూసాపేట మెట్రో స్తంభాల పక్కన పోలీసులు ఆపుతారు. గొట్టంలో ఊదమంటారు. వంద మిల్లీలీటర్ల రక్తానికి 30 మిల్లీగ్రాములు దాటిందా, బుల్లి ప్రింటర్ కిర్రుమంటుంది. తేదీ, టైము, అంకె అన్నీ వేసుకుని చీటీ బయటికొస్తుంది. ఇక ఎవరికి ఫోన్ కలిపినా లాభం లేదు. చీటీకి మొహమాటం లేదు!

అదే రోడ్డు. అదే రాత్రి. లారీ మీద రెండంతస్తుల స్పీకర్లు కట్టుకుని డీజే బయల్దేరుతుంది. కిటికీ అద్దాలు వణుకుతాయి. పసిపిల్లలు ఉలిక్కిపడి లేస్తారు. 100కి ఫోన్ చేస్తే వచ్చే జవాబు మీకు కంఠతా వచ్చు కదా? "తగ్గించమని చెప్పినం సార్. పండగ గదా, జర అడ్జస్ట్ కాండ్రి." ఎంత ఉండేది? ఎంతకు తగ్గింది? ఎవరు కొలిచారు? చీటీ ఏది? ఊదినవాడికి కేసు, వాయించినవాడికి దండమా?

మిషన్ లేదేమో పాపం అనుకుంటున్నారా? భేషుగ్గా ఉంది. చేతిలో ఇమిడే సౌండ్ లెవెల్ మీటర్. కొన్ని మోడళ్ల సెట్టింగుల్లోకి వెళ్తే రెండు అసలైన సంగతులుంటాయి. ఒకటి ఆడియో అవుట్‌పుట్. హెడ్‌ఫోన్ తగిలిస్తే మైకు వింటున్నదే మనకూ వినిపిస్తుంది. రికార్డర్‌కు కలిపితే ఆ మోత హారన్‌దా, జనరేటర్‌దా, డీజేదా అన్నది రేపు ఎవరూ బుకాయించలేరు. రెండోది ప్రింటింగ్. ముందు 94 డెసిబెళ్ల కాలిబ్రేటర్‌తో మీటర్‌ను సరిచూసి, తేదీ, టైము దిద్ది, ప్రింటర్ ఎంచుకుని మీట నొక్కడమే. దీనికి కైత్లాపూర్ బ్రిడ్జి దాటి హైటెక్ సిటీ నుంచి ఇంజినీర్లు దిగి రానక్కర్లేదు. చదువొచ్చిన కానిస్టేబుల్ చాలు.

కానీ ఏలినవారి దగ్గర ఈ రెండూ ఎప్పుడూ ఆఫే. జనం గోల వినపడకూడదు. వినపడినా కాగితమెక్కకూడదు.

ఇంకో తమాషా వినండి. వినిపించే సిగ్నల్‌కు ఎ, సి, జెడ్ వెయిటింగుల్లో (ఏ స్వరాన్ని ఎంతగా లెక్కలోకి తీసుకోవాలన్న పద్ధతుల్లో) ఏది కావాలని కొన్ని మీటర్లు అడుగుతాయి. మన నిబంధనల కొలత 'ఎ'. అది బేస్ మీద మహా దయ గలది. 63 హెర్ట్జ్ దగ్గర ఏకంగా 26 డెసిబెళ్లు మాఫీ! రైతు రుణమాఫీకి సవాలక్ష షరతులు. గుండెల మీద గుద్దే బేస్‌కు బేషరతు మాఫీ. 'సి' మీద పెడితే ఆ దయ ఒక్క డెసిబెల్ కూడా ఉండదు. పెట్టి చూసే నాథుడెవరు?

కాగితాల మీద మాత్రం మనది శాంతివనం. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం ఇళ్ల మధ్య పగలు 55, రాత్రి 45 డెసిబెళ్లే. ఆస్పత్రి, బడి, కోర్టుల చుట్టూ 100 మీటర్లు నిశ్శబ్ద మండలం. రాత్రి 10 దాటితే బహిరంగంగా లౌడ్‌స్పీకర్ బంద్. 2005లో సుప్రీంకోర్టూ గడ్డి పెట్టింది. 2024 అక్టోబరులో హైదరాబాద్ పోలీసులు మత ఊరేగింపుల్లో డీజేలను నిషేధించారు. 55 ఉండాల్సిన చోట 75 ఉంటే ఇరవయ్యేగా అనకండి. శక్తి లెక్కలో అది వంద రెట్లు!

నగరంలో శబ్దం కొలిచే శాశ్వత కేంద్రాలు 10 పెట్టారు. అబిడ్స్, పంజగుట్ట, ప్యారడైజ్, తార్నాక, గచ్చిబౌలి, సనత్‌నగర్ వగైరా. మూసాపేట పేరు ఆ జాబితాలో లేదు. కాలుష్య నియంత్రణ మండలి వారి పర్యావరణ భవన్ ఎక్కడుందో తెలుసా? పక్కనే, సనత్‌నగర్‌లో. దీపం కింద చీకటంటే ఇదే కాబోలు.

ఈ శబ్ద నిబంధనలు మీరితే 1986 పర్యావరణ చట్టంలో అయిదేళ్ల దాకా జైలుండేది. 2023 జన్ విశ్వాస్ చట్టం దాన్ని తీసేసి 10 వేల నుంచి 15 లక్షల దాకా జరిమానా పెట్టింది. సరే, జరిమానాయే వేయండి. దేన్ని చూపించి వేస్తారు? "తగ్గించమని చెప్పినం" అన్న మాటనా?

ఊరేగింపు వెంట పోలీసులు ఎలాగూ నడుస్తారు. ఒకరి చేతికి మీటరివ్వండి, నడుముకు ప్రింటర్ కట్టండి. మూడు కాపీలు తీయండి. ఒకటి డీజే వాడికి. ఒకటి అనుమతి మీద సంతకం గీకిన అధికారికి. ఒకటి లారీ ముందు కండువా ఊపుతూ చిందేసిన నాయకుడికి. ఆ మూడో కాపీ చేతికిచ్చే దమ్ము లేకే కదా, మొదటి కాపీ కూడా బయటికి రానిది!