గురి తప్పినా ఒక పాయింటు

మా అల్లుడు మెల్‌బోర్న్ పడమటి శివారు టార్నీట్‌లో ఇల్లు కొనుక్కున్నాడు. పాలు పొంగించిన రోజు వీడియో కాల్‌లో వీధంతా తిప్పి చూపించాడు. కుడివైపు గుంటూరు వాళ్లు, ఎడమవైపు కరీంనగర్ వాళ్లు, ఎదురుగా వరంగల్ వాళ్లు. ఈ మాత్రం దానికి అంత దూరం పోవడమెందుకు, చిక్కడపల్లిలో మా పై పోర్షన్ ఖాళీగానే ఉంది కదా అనుకున్నాను. పైకి అనలేదు. ఎంతైనా అల్లుడు.

ఈ ఫిబ్రవరిలో ఓ శనివారం పొద్దున్న ఏడున్నరకి అతని వీడియో కాల్ వచ్చింది. అక్కడ మధ్యాహ్నం ఒంటి గంట.

"మామయ్యా, ఫుటీ ప్రాక్టీస్ మ్యాచ్‌కి వచ్చాం. ఈసారి రూల్స్ మార్చిపారేశారు!"

గొంతులో బాధ విని, ఇంటి లోను మీద వడ్డీ పెంచారేమో అనుకున్నాను. కాదు. వాళ్ల ఊరి ఫుట్‌బాల్‌కి రూల్స్ మార్చారట.

నేనప్పుడు అశోక్‌నగర్‌లో చాయ్ బండి దగ్గరున్నాను. ఇందిరా పార్కులో మూడు రౌండ్లు నడిచాక మా బ్యాచ్ అక్కడ ఆగుతుంది. మూడు రౌండ్లన్నది ఇంట్లో చెప్పే లెక్క. బ్యాచ్ అంటే నేను, నారాయణగూడ నుంచి వచ్చే లెక్కల మాస్టారు, ఆర్టీసీలో రిటైరైన కండక్టరన్న, జిరాక్స్ షాపు అన్న. వీళ్లకి తోడు పక్క హాస్టల్ నుంచి చాయ్‌కి దిగే గ్రూప్-1 తమ్ముడు. మా ముసలాళ్లతో ఈ కుర్రాడికేం పని అంటే, ఆ వీధి మొత్తం మీద కటాఫ్ గురించి మాట్లాడనిది మేమొక్కళ్లమే.

ఫోన్ స్పీకర్లో పెట్టి బల్ల మీద ఉంచాను. చుట్టూ నాలుగు తలకాయలు వంగాయి.

మొదటి సందేహం జిరాక్సన్నది. "ప్రాక్టీస్ మ్యాచంటే పాయింట్లు లెక్కల్కి రావు గదా?"

"రావండీ."

"ఓడినా ఏం గాదు?"

"ఏం కాదు."

"మరి మీరెందుకు ఇంత పరేషానయితున్నరు?"

పాపం, అల్లుడి దగ్గర జవాబు లేదు. నా దగ్గరుంది. ఆర్టీసీ క్రాస్ రోడ్స్‌లో సంధ్య, సుదర్శన్, దేవి థియేటర్ల మధ్య పెరిగినవాణ్ని నేను. సినిమా మీద జరిగిన గొడవలకంటే ట్రైలర్ మీద జరిగిన గొడవలే నాకెక్కువ గుర్తు. సినిమా వచ్చాక ఇంకేముంటుంది, బాగుంటే బాగుంది, పోతే పోయింది. ట్రైలర్‌కైతే ఎవరి వాదన వాళ్లది. మొన్న 2025లోనూ అంతే. ఉప్పల్‌లో సన్‌రైజర్స్ వాళ్లు సీజన్‌కి ముందు రెండు జట్లుగా విడిపోయి వాళ్లలో వాళ్లే ఆడుకుంటే, మా బ్యాచ్ వారం రోజులు చర్చించింది. రెండు వైపులా మనమే, ఓడే ప్రసక్తే లేదు. హైదరాబాద్ అభిమానికి అంతకంటే నిమ్మళమైన మ్యాచ్ ఉండదు. తర్వాత అసలు సీజన్ మొదలైంది. మొదటి మ్యాచ్‌లో 286 కొట్టాం, ఇషాన్ కిషన్ 47 బంతుల్లో 106. కప్పు పెట్టడానికి షోకేసులో జాగా చూడమన్నాడు కండక్టరన్న. రెండో మ్యాచ్‌లో కిషన్ మొదటి బంతికే ఔట్. ఆ సీజన్ గురించి మేం ఇంకేం మాట్లాడుకోలేదు.

అదలా ఉంచితే, ప్రాక్టీస్ మ్యాచ్ మాట వినగానే మా తమ్ముడి ముఖంలో ఓ తేడా కనిపించింది. ఇతను 2022లో 503 పోస్టుల నోటిఫికేషన్ పడ్డప్పుడు ఊళ్లోంచి కౌలు డబ్బులు తెచ్చుకుని హాస్టల్లో దిగాడు. ఆ అక్టోబరులో ప్రిలిమ్స్ రాశాడు. పేపర్ లీకైందని రద్దు. 2023 జూన్‌లో మళ్లీ రాశాడు. ఈసారి హైకోర్టులో రద్దు. 2024లో 563 పోస్టులన్నారు, జూన్‌లో ముచ్చటగా మూడోసారి రాశాడు.

"మొదటి రెండూ ప్రాక్టీస్ మ్యాచ్‌లని రాసేటప్పుడు ఎవలూ చెప్పలే అంకుల్" అని చాయ్ గ్లాసు అందుకున్నాడు.

ఇక రూల్స్. ఈ ఆట బంతి గుండ్రంగా ఉండదు. పీచు తీయని కొబ్బరికాయంత, ఆ ఆకారంలోనే ఉంటుంది. ఇన్నాళ్లూ ఆట మొదలుపెట్టడానికి అంపైర్ మైదానం నడుమ నిలబడి, దాన్ని రెండు చేతులా ఎత్తి నేలకేసి కొట్టేవాడు. అది నిట్టనిలువుగా పైకి లేస్తే ఇరుపక్షాల్లో పొడుగాటివాళ్లు గాల్లోకి ఎగిరి తన్నుకునేవాళ్లు. కొబ్బరికాయ లాంటిది కాబట్టి అది అప్పుడప్పుడు నిట్టనిలువుగా కాక తన ఇష్టమొచ్చిన వైపు పోతుంది. 2026 నుంచి ఆ బాదుడు లేదట, అంపైర్ చేత్తో పైకి విసిరేస్తాడట. అల్లుడి బాధంతా ఇదే. వందేళ్లకు పైబడిన సంప్రదాయం మామయ్యా, అంటాడు. తను వెళ్లి తొమ్మిదేళ్లు.

రెండో మార్పు బంతి గీత దాటడం గురించి. ఇంతకుముందు మైదానం నడిమి భాగంలో బంతి బయటికి పోతే, కావాలని తన్నితే తప్ప, చాలావరకు అంపైర్ మళ్లీ లోపలికి విసిరేవాడు. ఇప్పుడు ఆఖరున ఎవడు కాలితో తన్నిగానీ చేత్తో గుద్దిగానీ బయటికి పంపాడో వాడి జట్టుదే తప్పు, బంతి అవతలివాళ్లకి. ఇది కండక్టరన్నకి వెంటనే బోధపడింది. "గిది మా బస్సు రూలే సార్. లోపలున్నోళ్లందరూ దొబ్బుతరు, ఫుట్‌బోర్డు మీద ఆఖరికున్నోడు కింద పడ్తడు. తప్పెవనిది? ఆఖరోనిదే."

ఆఖరివాడిది కాదు, నెట్టినవాడిది అని మాస్టారు. ఆ వాదన పది నిమిషాలు సాగింది. మెల్‌బోర్న్‌లో మొదటి క్వార్టర్ అయిపోయింది.

మూడోది విన్నాక మాత్రం మావాళ్లకి మెల్‌బోర్న్ మీద గౌరవం పెరిగింది. ఆట మధ్యలో ఒక్కసారి దిగే సబ్‌స్టిట్యూట్ అనేవాణ్ని ఎత్తేశారట. దాని బదులు బెంచీ మీద ఐదుగురుంటారు, ఎవరైనా ఎక్కొచ్చు దిగొచ్చు. మన ఐపీఎల్‌లో మాత్రం 2023లో పెట్టిన ఇంపాక్ట్ ప్లేయర్ రూలు అలాగే ఉంది. ఆ రూలు కింద మొట్టమొదట మైదానంలోకి దిగింది చెన్నై బౌలర్ తుషార్ దేశ్‌పాండే. అతని కోసం డగౌట్‌లో కూర్చోబెట్టింది ఎవర్ననుకున్నారు? మన అంబటి రాయుడిని. ఈ దేశంలో కొత్త రూలు ఏదొచ్చినా మొదట తగిలేది మనకే అన్నది జిరాక్సన్న సిద్ధాంతం. జీఎస్టీ నుంచి చలాన్ల దాకా ఉదాహరణలు చెప్పాడు. నేను అడ్డుపడకపోతే ఇంకా చెప్పేవాడే.

అసలు సంగతి ఇక్కడుంది. మాస్టారు కళ్లజోడు సర్దుకుని స్కోరెంత అన్నారు.

"మూడు, రెండు, ఇరవై సార్" అంది ఫోన్లోంచి మా మనవరాలు. పదేళ్ల పిల్ల, మెడలో ఎర్ర-తెలుపు-నీలం మఫ్లర్. వెస్టర్న్ బుల్‌డాగ్స్ జట్టుదట.

ఇరవై ఎలా అయిందో ఆ పిల్ల విడమర్చి చెప్పింది. రెండు చివర్లా నాలుగేసి స్తంభాలుంటాయి. నడిమి రెండింటి మధ్యలోంచి తన్నితే గోల్, ఆరు పాయింట్లు. మూడు గోల్స్‌కి పద్దెనిమిది. గురి తప్పి పక్క సందులోంచి పోతే ఒకటి. అలాంటివి రెండు. మొత్తం ఇరవై.

"గురి తప్పితే కూడా ఇస్తరా?" అన్నాడు తమ్ముడు.

"యా, వన్ పాయింట్. బిహైండ్ అంటారు అన్నయ్యా."

తమ్ముడు గ్లాసు కింద పెట్టేశాడు. అప్పటిదాకా మేం మాట్లాడుకున్న రూల్స్ వేరు, ఇది వేరు. సివిల్స్ ప్రిలిమ్స్‌లో తప్పు జవాబు రాస్తే మూడో వంతు కోసేస్తారు. అంటే ఇక్కడ గురి తప్పితే ఉన్నది కూడా లాక్కుంటారు. అక్కడ తప్పినందుకు చేతిలో ఒకటి పెట్టి పంపిస్తారు. పైగా జెండా ఊపుతారట. గోల్‌కి రెండు జెండాలు, గురి తప్పితే ఒక జెండా, అంతే తేడా. తప్పు చేసినవాడికి జెండా ఊపే దేశం ఒకటుందని తెలియక అశోక్‌నగర్‌లో నాలుగేళ్లు అద్దె కట్టాడు పాపం.

"ఆడ సర్వీస్ కమిషన్ ఎట్లుంటదో కనుక్కోండంకుల్" అన్నాడు. ముఖంలో నవ్వు లేదు.

"ఇవి స్టెప్ మార్కులురా" అన్నారు మాస్టారు. ముప్పై రెండేళ్ల సర్వీసులో స్టెప్ మార్కులు వేసిన దాఖలా లేని మనిషి ఆయన. ఆయనకి మరో బెంగ పట్టుకుంది. ఒక జట్టు పదిసార్లు గురి చూసి పది గోల్స్ కొడితే 60. అవతలివాళ్లు తొమ్మిది కొట్టి ఏడు తప్పితే 61. అంటే తప్పులు ఎక్కువ చేసినవాడు గెలుస్తాడు. న్యూస్‌పేపర్ అంచు మీద లెక్క వేసి అందరికీ చూపించారు. లెక్క సరిగ్గానే ఉంది, కడుపుమంట ఎవరి మీదో తెలియదు.

ఇంతకీ ఈ ఆట పుట్టిందే క్రికెటర్ల కోసమట. చలికాలంలో క్రికెట్ ఉండదు, ఒళ్లు బద్ధకిస్తుంది, ఏదో ఒకటి ఆడదామని 1858లో టామ్ విల్స్ అనే క్రికెటర్ పేపరుకి ఉత్తరం రాశాడు. మరుసటేడు మే నెలలో ఆయనా మరికొందరూ ఒక హోటల్లో కూర్చుని పది రూల్స్ రాసుకున్నారు. ఆ హోటల్లో దొరికేది చాయ్ కాదనుకోండి. అది విన్నాక కండక్టరన్న మా చాయ్ బండి వైపు కొత్తగా చూశాడు. ఇరవై ఏళ్లుగా ఇక్కడ మేం పెట్టుకున్న రూల్స్ ఎవరూ రాసిపెట్టలేదు. రాస్తే మొదటిది, బిల్లు రాగానే ఎవరికీ ఫోన్ రాకూడదు.

తర్వాత తప్పనిసరిగా రహీం సాబ్ ముచ్చటొచ్చింది. ఫుట్‌బాల్ అన్న మాట వినబడితే మాస్టారు అక్కడికి రాకుండా ఉండలేరు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో మన జట్టు ఆస్ట్రేలియాని వాళ్ల గడ్డ మీదే 4-2తో ఓడించింది. నెవిల్ డిసౌజా మూడు గోల్స్ కొట్టాడు. కోచ్ మన హైదరాబాద్ సయ్యద్ అబ్దుల్ రహీం, ఒకప్పుడు కాచిగూడ మిడిల్ స్కూల్లో పాఠాలు చెప్పిన మనిషి. "మా నారాయణగూడ పక్కనే" అన్నారు మాస్టారు. ఆయన దృష్టిలో కోచింగంతా నారాయణగూడ ఫ్లైఓవర్ కిందే జరిగింది. అదే ఒలింపిక్స్‌లో ఈ కొబ్బరికాయ ఆటను కూడా ప్రపంచానికి చూపెడదామని ప్రదర్శన మ్యాచ్ ఆడించారు. ప్రపంచం చూసి, బాగుంది మీరే ఉంచుకోండి అన్నట్టుంది.

"సరే గని పాపా, మీ టీమ్ కప్పు ఎప్పుడు కొట్టింది?" అన్నాడు కండక్టరన్న.

"2016."

బండి దగ్గర ఒక్క క్షణం అందరం నోరు మూసుకున్నాం. 2016! మే 29న బెంగళూరులో ఎనిమిది పరుగుల తేడాతో మనం కప్పెత్తిన ఏడు. ఆ జట్టుకి కెప్టెన్ వార్నర్, ఆస్ట్రేలియావాడు. తర్వాత 2018లో ఫైనల్ దాకా వెళ్లి పోయాం, 2024లో చెన్నైలో 113కే ముడుచుకున్నాం. వాళ్లదీ అదే కథ. 1954 తర్వాత అరవై రెండేళ్లు ఎదురుచూసి 2016లో కొట్టారు, ఆ తర్వాత 2021లో ఫైనల్ దాకా వెళ్లి ఓడారు.

"అయితే మనోళ్లే" అన్నాడు కండక్టరన్న. సంబంధం కలుపుకోవడానికి అంతకంటే ఏం కావాలి, గోత్రం కూడా అడగలేదు.

ఆ మ్యాచ్ ఎవరు గెలిచారో మేం అడగలేదు, అల్లుడూ చెప్పలేదు. మరుసటి శనివారం దాకా మా నలుగురికీ నడిచిన తగాదా ఒక్కటే. బంతిని నేలకేసి కొట్టడం మంచిదా, విసరడం మంచిదా. సంప్రదాయం పోగొట్టొద్దని కండక్టరన్న, జిరాక్సన్న. విసిరితేనే న్యాయమని మాస్టారు. నేను అల్లుడి పక్షం, తప్పదు.

శనివారం ఆంజనేయస్వామి గుడి నుంచి కండక్టరన్న కొబ్బరికాయతో వచ్చాడు. చాయ్ బండి ముందు, సిమెంటు రోడ్డు మధ్యలో జిరాక్స్ షాపు సుద్దముక్కతో సున్నా గీయించాడు. అటు మాస్టారిని, ఇటు తమ్ముణ్ని నిలబెట్టాడు. అల్లుడికి వీడియో కాల్ చేసి ఫోన్ నాకిచ్చాడు. కాయను రెండు చేతులా నెత్తి మీదికెత్తి, "ఆంజనేయా" అని సున్నా నడుమ కొట్టాడు.

అది నిట్టనిలువుగా లేవలేదు. ఒక చిప్ప బండి కిందికి పోయింది. రెండోది పార్కింగ్‌లో ఉన్న రెండు స్కూటీల సందులోంచి దొర్లి మురిక్కాలవ అంచున ఆగింది. నీళ్లన్నీ మాస్టారి ప్యాంటు మీద.

"అందుకే తీసేసింది!" అన్నారు మాస్టారు, కాళ్లు దులుపుకుంటూ.

ఫోన్లో మా మనవరాలు ఒకే ఒక్క వేలు ఎత్తి చూపిస్తోంది. "బిహైండ్ తాతా! వన్ పాయింట్!"

తమ్ముడు వంగి ఆ చిప్ప తీసుకుని, కొళాయి కింద కడిగి, ముక్క విరిచి నోట్లో వేసుకున్నాడు. పదకొండింటికి అతనికి మాక్ టెస్టుంది.