తోలుపట్టీ పద్యానికి టీకా తాత్పర్యం

తోలుపట్టి నెపుడు తుడిచి పెట్టవలయు
చేతివేడితోడ, చెమ్మ లేక;
నూనెచుక్క చాలు, నున్నగా నుండును;
మడిచి పొదిని దాచ మడత పడును.

టీక: తోలుపట్టిని = మంగలికత్తి అంచును సవరించు చర్మపు పట్టీని; ఎపుడు = క్షౌరమునకు ముందును వెనుకను; చేతివేడితోడ = అరచేతి రాపిడిచే పుట్టిన వెచ్చదనముతో; చెమ్మ లేక = తడి తగులనీయక; తుడిచి పెట్టవలయు = దుమ్ము పోవునట్లు తుడిచి ఉంచవలెను; నూనెచుక్క చాలు = ఒక్క బొట్టు సరిపోవును; నున్నగా నుండును = పట్టీ మృదువుగా ఉండును (గడ్డమని అన్వయించినను తప్పు లేదు); పొదిని = క్షౌరసామగ్రి ఉంచు సంచిలో; మడిచి దాచ = మడతపెట్టి దాచినచో; మడత పడును = ఆ గీత మాసిపోదు.

తాత్పర్యం: కత్తికి పదును సానరాయి వల్ల వస్తుంది. గడ్డం గీసేటప్పుడు వెంట్రుకల తాకిడికి, కంటికి ఆననంత పలుచనైన అంచు అక్కడక్కడ ఒరిగిపోగా, వెన్ను ముందు, అంచు వెనుక ఉండేటట్టు బిగువైన తోలుమీద లాగినప్పుడు అది తిరిగి నిటారుగా నిలుస్తుంది. ఆ తోలుమీద ఒక్క ఇసుకరేణువు ఉన్నా సవరించవలసిన అంచే గీరుకుపోతుంది కనుక, కవి తుడవడాన్నే మొదటి విధిగా చెప్పాడు.

విశేషాలు: రెండవ పాదంలో ‘చెమట లేక’ అనే పాఠం కూడా ఛందస్సుకు సరిపోతుంది గాని గ్రాహ్యం కాదు, అరచేతితో నాలుగుసార్లు గట్టిగా రుద్దేవాడికి చెమట పట్టకుండా ఎలా ఉంటుంది? పైగా అరచేతి జిడ్డు కొద్దికొద్దిగా తోలుకు ఎక్కడమే ఈ రుద్దుడు వల్ల కలిగే లాభం. ఇక మురికి నల్లగా పేరుకున్నప్పుడు, తోలు సామానుకు వాడే సబ్బు నురుగును గట్టిగా పిండిన గుడ్డతో అద్ది, వెంటనే తుడిచి, నీడలో వేలాడదీయడం ‘చెమ్మ లేక’ అన్న నిషేధానికి అపవాదమని, అంటే సామాన్య నియమానికి మినహాయింపు అని గ్రహించాలి. ఎండలో ఆరవేస్తే తోలు బిరుసెక్కి పగులుతుంది.

నూనె దగ్గరే శిష్యులు ఎక్కువగా చెడిపోతారు. పశువుల కాలి ఎముకల నుంచి తీసే నూనె ఈ పనికి ప్రసిద్ధం. అయితే తోలు పొడిబారినట్టు కనబడినప్పుడు మాత్రమే ఒక బొట్టు వేలితో పామి, రాత్రంతా ఇంకనివ్వాలి. ప్రేమకొద్దీ పోసేవాడి పట్టీ మెత్తబడి, కత్తి కింద కుంగి, అంచును మొద్దుబారుస్తుంది.

నూరుడు ముద్దను గురించి కవి ఏమీ చెప్పలేదు. ఈ మౌనాన్ని నిషేధంగానే తీసుకోవాలి: సుమారు అర మైక్రాను రేణువులుండే ఆకుపచ్చని క్రోమియం ఆక్సైడు ముద్ద అంచును అరగదీస్తుంది కనుక, దానికి వేరొక పట్టీ ఉండాలేగాని నిత్యం వాడే తోలుకు పూయకూడదు. ఒకసారి పూస్తే పూర్తిగా వదిలించడం కష్టం.

సెలూన్లలో మార్చి పారేసే బ్లేడు వచ్చాక ఈ పద్యంతో పని చాలావరకు తీరిపోయి, పాతకత్తులమీద మోజున్నవారికే మిగిలింది. వారిలో కొత్తగా నేర్చేవారు కత్తిని వెన్నుమీద దొర్లించడం మరచి అంచుమీద తిప్పి, తోలును కోసుకుంటారు. కవి దీనికి చికిత్స చెప్పలేదు. కొద్దిపాటి గాటైతే, లేచిన పొరను జిగురుతో అంటించి, ఆరాక సన్నని గరుకుకాగితంతో చదునుచేసి, పొడిని పూర్తిగా తుడిచాకనే కత్తి పట్టాలి.