పట్టా లేని గంటలవాడు

దీపకాంతి 50 లక్సులు మీరినచో పట్టుచీర రంగు నానాటికి వెలిసిపోవుననియు, వస్తువు ప్రక్కన అంటించు చీటీ బారెడైనచో చూడవచ్చినవాడు చదువక సాగిపోవుననియు, వాని చూపును క్షణకాలమైనను నిలుపుటయే ప్రదర్శనకళకు పరమావధి యనియు అభ్యసించి పట్టా పుచ్చుకొన్న పండితులకు, 1952లోనే బరోడా విశ్వవిద్యాలయమున మ్యూజియాలజీ బోధన మొదలైన మన దేశమున, కొదువ లేదు.

అయినను హైదరాబాదు సాలార్‌జంగ్ మ్యూజియమున, పండ్రెండు కాకమునుపే, జనులు తక్కిన గదులన్నియు (పాపము, చీటీలతో సహా) విడిచి గడియారము ముందు బైఠాయింతురు. చిట్టిబొమ్మ యొకటి వెలుపలికి వచ్చును. పండ్రెండు మార్లు గంట కొట్టును. మారుమాటాడక లోనికి పోవును.

దానికి పట్టా లేదు. ప్రయాణభత్యమును లేదు.